మూడు సెట్ల చేప పిల్ల – కొనేముందు మనం అడగాల్సిన మాటలు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేపల పెంపకం సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



చేపల చెరువులు పెట్టుకున్న సంఘాల తరఫున మాట్లాడమని మాకు అవకాశం ఇచ్చారు. పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి కాబట్టి అవి మళ్ళీ చెప్పం. ఈ ఏడాది మన చెరువు సంఘాలను బాగా తికమక పెట్టిన ఒక్క విషయం గురించే మాట్లాడతాం. అది ట్రిప్లాయిడ్ పిల్ల.

పిల్ల వేసే సీజను ముందు ఒక సీడు వ్యాపారి మా ఊరు వచ్చారు. "అమ్మా, ఇది ట్రిప్లాయిడ్ సీడు. గుడ్డు కట్టదు. తిన్నదంతా కండే. రెట్టింపు బరువు వస్తుంది" అన్నారు. రేటు కూడా మామూలు పిల్లకు రెట్టింపు చెప్పారు. "దానికి కాగితం ఏమన్నా ఉందా అన్నా?" అని అడిగాం. "చేపను చూస్తేనే తెలిసిపోతుందమ్మా, కాగితం ఎందుకు" అన్నారు. తెలుసుకున్నాక చూద్దాంలే అని పంపించేశాం. తర్వాత ఆరా తీస్తే ఇంకో రెండు ఊళ్ళ సంఘాల్లోనూ ఇదే మాట చెప్పి తిరిగారని తెలిసింది.

చెరువులో వేసే పిల్ల డబ్బు మన సొంతం కాదు. బ్యాంకు లింకేజీ డబ్బు, స్త్రీనిధి డబ్బు. వచ్చినా రాకపోయినా నెలనెలా కంతు కట్టాల్సిందే. అందుకని మా సంఘం వాళ్ళం చేపల శిక్షణలో చెప్పిన వాళ్ళను అడిగాం, మత్స్య పాలిటెక్నిక్ చదివే పిల్లలను అడిగాం, ఇంటర్ బయాలజీ పుస్తకం తిరగేశాం. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ట్రిప్లాయిడ్ అంటే ఏమిటి

ఏ ప్రాణి ఒంట్లోనైనా కణాలు ఉంటాయి. ప్రతి కణంలో క్రోమోజోములు ఉంటాయి. ప్రాణి ఎలా ఉండాలి, ఎలా పెరగాలి అనే సమాచారమంతా వాటిలోనే. ఒక సెట్టు తల్లి నుంచి, ఒక సెట్టు తండ్రి నుంచి వస్తుంది. మామూలు చేపకు ఇలా రెండు సెట్లు. రోహుకు, బొచ్చెకు సెట్టుకు 25 చొప్పున మొత్తం 50 క్రోమోజోములు. తిలాపియాకు 44. గడ్డి చేపకు 48.

ట్రిప్లాయిడ్ చేపకు రెండు బదులు మూడు సెట్లు ఉంటాయి. ట్రిప్లాయిడ్ రోహు అయితే 75, గడ్డి చేప అయితే 72.

మూడు సెట్లుంటే ఏమవుతుంది? గుడ్డు గానీ, మగచేప పాలు గానీ తయారవ్వాలంటే క్రోమోజోములు సగానికి సగం పంచుకోవాలి. రెండు గాజులుంటే ఇద్దరికి చెరొకటి ఇవ్వొచ్చు. మూడు గాజులను ఇద్దరికి సమంగా ఎలా పంచుతాం? ఆ పంపకం కుదరక ఆడచేపలో గుడ్ల సంచి సరిగ్గా ఎదగదు. చేప గొడ్డుబోతుగా ఉండిపోతుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. మనం తినే చక్కెరకేళి, అమృతపాణి, కర్పూర అరటి అన్నీ మూడు సెట్ల రకాలే. అందుకే అరటిపండులో మొలిచే గింజ ఉండదు, పిలకలు నాటుకుంటాం. గింజల్లేని పుచ్చకాయ కూడా ఇంతే. కాబట్టి తింటే ఏమవుతుందో అన్న భయం అక్కర్లేదు. వేరే ప్రాణి జన్యువు ఏదీ ఇందులో కలపరు. ఆ చేప సొంత సెట్టే ఒకటి ఎక్కువ ఉంటుంది, అంతే.

ఎలా తయారు చేస్తారు

ఇది తెలిస్తే మనల్ని మోసం చేయడం కష్టం. కాస్త ఓపిగ్గా వినండి.

తల్లిచేప గుడ్డు బయటికి వచ్చినప్పుడు దానిలో తల్లి వంతు ఇంకా ఒక సెట్టు ఎక్కువే ఉంటుంది. మగచేప పాలు తగలగానే గుడ్డు మేల్కొని, ఆ ఎక్కువ సెట్టును కొద్ది నిమిషాల్లో ఒక చిన్న మూటలా బయటికి నెట్టేస్తుంది. అప్పుడు తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి, మొత్తం రెండు సెట్లు మిగులుతాయి. ఇది మామూలుగా జరిగేది.

ఆ కొద్ది నిమిషాల్లోనే గుడ్డుకు ఒక దెబ్బ తగిలితే నెట్టడం ఆగిపోతుంది. బయటికి పోవాల్సిన సెట్టు లోపలే ఉండిపోతుంది. తల్లివి రెండు, తండ్రిది ఒకటి కలిసి మూడవుతాయి. ఈ దెబ్బను షాక్ అంటారు. మూడు రకాలుగా ఇస్తారు.

మొదటిది వేడి షాక్. కార్పు చేపల గుడ్లను పాలు కలిపిన కొద్ది నిమిషాలకు సుమారు 40 డిగ్రీల వేడి నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి తీస్తారు. రెండోది చలి షాక్. బంగారుతీగ గుడ్లనైతే మంచు గడ్డంత చల్లని నీళ్ళలో అరగంట నుంచి ముప్పావు గంట వరకూ ఉంచుతారు. మూడోది ఒత్తిడి షాక్. గుడ్లను గట్టి ఇనుప గొట్టంలో పోసి బిగించి, యంత్రంతో ఒత్తిడి పెడతారు. గడ్డి చేప గుడ్లకు పాలు కలిపిన నాలుగు నిమిషాలకు చదరపు అంగుళానికి ఏడెనిమిది వేల పౌండ్ల ఒత్తిడి ఒక నిమిషం, నిమిషంన్నర పాటు పెడతారు. కారు టైరులో గాలి 30 పౌండ్లుంటుంది. దానికి రెండొందల రెట్ల పైమాటే అన్నమాట.

ఈ మూడింటిలోనూ ప్రాణం టైములోనే ఉంది. ఒక నిమిషం ముందైనా, వెనకైనా ఫలితం మారిపోతుంది. వేడి ఒక డిగ్రీ ఎక్కువైతే గుడ్లు ఉడికిపోతాయి, తక్కువైతే పని జరగదు. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని గుడ్లు చచ్చిపోతాయి, కొన్ని వంకర పిల్లలవుతాయి, కొన్ని మామూలు రెండు సెట్ల పిల్లలుగానే మిగిలిపోతాయి. ఒకే తొట్టిలోంచి తీసిన పిల్లలన్నీ ట్రిప్లాయిడ్ అయ్యాయన్న గ్యారంటీ షాక్ ఒక్కదానివల్ల రాదు.

ఇక్కడే మనం పట్టుకోవాల్సిన ముడి ఉంది. గుడ్డుకు పాలు తగిలిన నిమిషం కచ్చితంగా తెలియాలంటే తల్లిచేప పొట్ట నొక్కి గుడ్లు పళ్ళెంలోకి పిండాలి, మగచేప పాలు కూడా పిండి చేత్తో కలపాలి. మన దగ్గర ఎక్కువ హేచరీల్లో అలా చేయరు. గుండ్రటి సిమెంటు ట్యాంకు ఉంటుంది. తల్లిచేపకు, మగచేపకు ఇంజెక్షన్ చేసి అందులో వదిలేస్తారు. నీళ్ళు గుండ్రంగా తిరుగుతుంటే అవే కలిసి గుడ్లు పెట్టుకుంటాయి. ఈ ఇంజెక్షన్ పద్ధతి ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి గారు 1957 జూలై 10న సాధించినది. జూలై 10న మత్స్యరైతుల దినోత్సవం చేసుకునేది అందుకే. మామూలు పిల్లకు ఈ ట్యాంకు చక్కటి పద్ధతి. కానీ అందులో ఏ గుడ్డుకు ఏ నిమిషంలో పాలు తగిలిందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు షాక్ ఎప్పుడిస్తారు? కాబట్టి గుండ్రటి ట్యాంకులో వదిలి తీసిన పిల్లను షాక్ ఇచ్చిన ట్రిప్లాయిడ్ అని ఎవరన్నా చెబితే ఆ మాట నిలవదు.

షాక్ లేకుండా ఇంకో దారి ఉంది. నాలుగు సెట్ల చేపను మామూలు చేపతో కలిపితే మూడు సెట్ల పిల్లలు పుడతాయి. చైనాలో ఒక రకం కార్పు చేపలో ఇది చేసి చూపించారు. దానికి ముందుగా నాలుగు సెట్ల తల్లిదండ్రుల చేపలను తరతరాలుగా కాపాడుకుంటూ రావాలి. ఎవరన్నా ఈ దారిలో చేశామంటే, ఆ నాలుగు సెట్ల చేపలు ఎక్కడివో చెప్పమనాలి.

ఎలా రూఢి చేస్తారు

అక్కల్లారా, ఈ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. ట్రిప్లాయిడ్ పిల్లకూ మామూలు పిల్లకూ కంటికి తేడా కనపడదు. రంగు, పొలుసు, రెక్క, తల అన్నీ ఒకేలా ఉంటాయి. చూడగానే తెలుస్తుందన్న వాళ్ళకు విషయం తెలియదనుకోవాలి, లేదా తెలిసే అలా చెబుతున్నారనుకోవాలి.

పరీక్షతోనే తెలుస్తుంది. అన్నిటికన్నా కచ్చితమైనది క్రోమోజోములు లెక్కపెట్టడం. చిన్న పిల్ల ఒంటి నుంచి గానీ, చేప మొప్ప నుంచి గానీ కణాలు తీసి, రంగు వేసి, పెద్ద మైక్రోస్కోపులో లెక్కపెడతారు. రోహులో 50 కనపడితే మామూలుది, 75 కనపడితే ట్రిప్లాయిడ్. ఇది నిదానమైన పని, నేర్పు కావాలి. చిన్న పిల్లైతే పరీక్షలో చచ్చిపోతుంది.

రెండోది రక్తం పరీక్ష. మన ఎర్ర రక్తకణాల్లో మధ్య కేంద్రకం ఉండదు. చేప ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది, కోలగా గుడ్డు ఆకారంలో. ట్రిప్లాయిడ్‌లో సామాను ఒకటిన్నర రెట్లు ఉంటుంది కాబట్టి ఆ కేంద్రకం కూడా పెద్దదవుతుంది, పొడవు పెరుగుతుంది. చేప తోక దగ్గర సూదితో ఒక్క చుక్క రక్తం తీసి, గాజు పలక మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోపులో కొలుస్తారు. చేప చావదు. అయితే ఒక్క కణం చూసి తేల్చకూడదు, చాలా కణాలు కొలవాలి. పక్కనే అదే రకం మామూలు చేప రక్తం పలక కూడా పెట్టుకుని పోల్చాలి.

మూడోది యంత్రాలతో చేసేది. ఒక రకం యంత్రం కేంద్రకాల సైజు కొలుస్తుంది. ఇంకో రకం యంత్రం ఒక్కో కణంలో డీఎన్ఏ ఎంత ఉందో వెలుగుతో కొలుస్తుంది, వేల కణాలను కొద్ది నిమిషాల్లో చూసేస్తుంది. దాన్ని ఫ్లో సైటోమీటర్ అంటారు.

పరీక్షను ఎంత గట్టిగా పట్టించుకోవాలో అమెరికా వాళ్ళను చూసి నేర్చుకోవచ్చు. మన దేశానికి గడ్డి చేపను 1959లో కటక్‌కు తెచ్చారు. అమెరికాకు 1963లో తీసుకెళ్ళారు, కాలువల్లో, చెరువుల్లో కలుపు తినడానికి. అది నదుల్లోకి పోయి సంతానం పెంచితే అక్కడి చేపలకు, నీటి మొక్కలకు ముప్పు అని భయపడి, చాలా రాష్ట్రాలు ట్రిప్లాయిడ్ గడ్డి చేపనే వేయాలని నియమం పెట్టాయి. అక్కడ అమ్మే రైతు ప్రతి ఒక్క చేపకూ రక్తం పరీక్ష చేయాలి. ఆ తర్వాత ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ లాటులోంచి 120 చేపలు తన కళ్ళముందు మళ్ళీ పరీక్ష చేయిస్తారు. 120లో ఒక్కటి మామూలు చేప తేలినా ఆ లాటుకు సర్టిఫికెట్ ఇవ్వరు. షాక్ ఇచ్చిన రైతే తన మాట మీద తాను నమ్మకం పెట్టుకోకుండా ప్రతి చేపనూ చూస్తున్నాడంటే, కాగితం లేని మాటకు మనం రెట్టింపు డబ్బు ఎందుకివ్వాలి?

120 ఎందుకు, పది చూస్తే చాలదా అని మాలో కూడా ఒకరు అడిగారు. లెక్క వేసి చూశాం. లాటులో 20కి ఒకటి మామూలు చేప ఉందనుకోండి. పదే చేపలు పరీక్షిస్తే, పదిసార్లలో ఆరుసార్లు అన్నీ ట్రిప్లాయిడ్ అనే వస్తుంది, ఆ కల్తీ కంటపడదు. 60 చేపలు చూస్తే కంటపడకుండా పోయేది వందలో ఐదుసార్ల లోపే. 120 చూస్తే దాదాపు తప్పించుకోలేదు. అందుకని పరీక్ష చేశామన్నప్పుడు ఎన్ని చేపలకు చేశారన్నది కూడా అడగాలి.

మన చెరువుకు అవసరమా

ఇప్పుడు అసలు ప్రశ్న. నిజమైన ట్రిప్లాయిడ్ పిల్లే దొరికిందనుకుందాం. మన చెరువులో వేస్తే లాభమా?

అది చేప రకాన్ని బట్టి, మనం ఎన్ని నెలలకు పడతామన్న దాన్ని బట్టి ఉంటుంది. మన చెరువుల్లో ఎక్కువగా వేసేది బొచ్చె, రోహు, ఎర్రమోసు. ఇవి నిలవ నీళ్ళ చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి నది వరద పారుదల కావాలి. గుడ్లు బాగా కట్టేది కూడా రెండో ఏడు నుంచే. మనం పది, పన్నెండు నెలలకే పట్టి అమ్మేస్తాం. అంటే గుడ్డు కట్టి మేత వృథా అయ్యే దశ రాకముందే చేప మార్కెట్‌కు పోతోంది. ఇక గుడ్డు కట్టదన్న గుణానికి రెట్టింపు ధర ఇచ్చి మనకు మిగిలేదేముంది? మన దేశంలో భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల సంస్థ, దాన్నే సీఫా అంటారు, అక్కడి శాస్త్రవేత్తలు రోహు, బొచ్చెల్లో ట్రిప్లాయిడ్ చేసి చూశారు. కానీ మన రైతుల చెరువుల్లోకి ఆ సంస్థ నుంచి బాగా వచ్చిన మేలు రకం జయంతి రోహు. అది మూడు సెట్లది కాదు. బాగా పెరిగే చేపలను తరం తరం ఏరి కలిపి తెచ్చిన మామూలు రెండు సెట్ల చేపే.

బంగారుతీగ సంగతి వేరు. అది మన వేడికి ఏడాది తిరక్కుండానే పక్వానికి వస్తుంది, చెరువు గట్టున ఉన్న గడ్డికి, తూటుకు గుడ్లు అంటించేస్తుంది. తిలాపియా అయితే మూడు నాలుగు నెలలకే పిల్లలు పెడుతుంది, చెరువు నిండా వేలెడంత చేపలే మిగులుతాయి. గుడ్డు కట్టని చేప వల్ల నిజంగా ఉపయోగం ఉండేది ఇలాంటి రకాల్లో. అయినా తిలాపియా ఒక్కో తల్లి కొద్ది గుడ్లే పెట్టి నోట్లో దాచుకుంటుంది కాబట్టి, ఒక్కోదాన్ని పట్టి గుడ్లు పిండి షాక్ ఇవ్వడం పెద్ద పని. అందుకే వ్యాపారంలో అందరూ మగ పిల్లలనే తయారు చేసే పద్ధతికి పోయారు. తిలాపియా వేయాలంటే మత్స్యశాఖ అనుమతి ఉండాలన్నది కూడా మరవొద్దు.

ఇంకో మాట. రెట్టింపు బరువు అన్న మాటకు ఆధారం లేదు. గుడ్డు కట్టే వయసు రాకముందు ట్రిప్లాయిడ్ చేప చాలాసార్లు మామూలు చేపతో సమానంగానో, కాస్త వెనకబడో పెరుగుతుంది. వేడి ఎక్కువైనప్పుడు, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మామూలు చేప కన్నా తట్టుకోలేకపోవడం చాలా పరీక్షల్లో కనపడింది. మన చెరువుల్లో ఎండాకాలం తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం మనందరం చూసేదే. ఏరేటర్లు లేని పంచాయతీ చెరువులో ఇది చిన్న విషయం కాదు.

మాటల తికమక

అమ్మే వాళ్ళు నాలుగు మాటలు కలిపేసి చెబుతుంటారు. వాటిని మనం విడదీసుకోవాలి. హైబ్రిడ్ అంటే రెండు రకాల చేపలను కలిపి తీసిన పిల్ల. మోనోసెక్స్ అంటే అన్నీ మగవే, లేదా అన్నీ ఆడవే ఉన్న పిల్ల. తిలాపియాలో చిన్నప్పుడే మేతలో హార్మోన్ కలిపి అలా చేస్తారు. మేలు రకం అంటే జయంతి రోహులాగా ఏరి పెంచినది. ట్రిప్లాయిడ్ అంటే మూడు సెట్లది. ఒకదానికి ఇచ్చిన కాగితం ఇంకోదానికి చెల్లదు. "హైబ్రిడ్ సర్టిఫికెట్ ఉంది కదమ్మా" అంటే, అడిగింది అది కాదన్నా అని చెప్పాలి.

మా సంఘం పెడుతున్న ప్రతిపాదన

ఈ సభ ఒప్పుకుంటే, సమాఖ్య ద్వారా పిల్ల కొనే అన్ని సంఘాలకు ఈ పద్ధతి పెట్టుకుందామని కోరుతున్నాం. ట్రిప్లాయిడ్ పేరుతో ఎక్కువ ధర అడిగిన వాళ్ళను ఈ ఆరు మాటలు అడగాలి. జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయాలి.

1. ఏ చేప రకం? హేచరీకి మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ ఉందా?
2. గుడ్లు పిండి తీశారా, గుండ్రటి ట్యాంకులో వదిలారా?
3. ఏ షాక్ ఇచ్చారు? పాలు కలిపిన ఎన్ని నిమిషాలకు, ఎంతసేపు?
4. ఈ లాటుకే పరీక్ష చేశారా? ఎన్ని చేపలకు, ఏ పద్ధతిలో, ఎక్కడ?
5. ఎన్ని చేపలు ట్రిప్లాయిడ్ అని తేలాయి, ఎన్ని కాలేదు? తేదీ, లాటు నంబరు, సంతకం ఉన్న కాగితం ఇస్తారా?
6. మేము కూడా కొన్ని చేపల రక్తం తీయించి చూసుకుంటాం. తేడా వస్తే డబ్బు వెనక్కి ఇస్తామని రాసిస్తారా?

ఆరో మాటకు మన వైపు నుంచి కూడా ఏర్పాటు కావాలి. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో, వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాలలు ఉన్నాయి. విజయవాడలో సీఫా ప్రాంతీయ కేంద్రం ఉంది. రక్తం పలకలు పంపితే చూసి చెబుతారా, ఎంత ఖర్చవుతుంది అని సమాఖ్య తరఫున ఒక ఉత్తరం రాద్దాం. ఒక్కో సంఘం విడిగా అడిగితే వినకపోవచ్చు, సమాఖ్య అడిగితే జవాబు వస్తుంది.

ఆరింటికీ జవాబు వచ్చేదాకా మన సంఘాలు మామూలు ధరకు మంచి మామూలు పిల్లే కొనాలన్నది మా అభిప్రాయం. మంచి పిల్ల అంటే ఒకే సైజుది, చురుగ్గా నీటికి ఎదురీదేది, పుండు, పేను లేనిది. ఆ డబ్బులో మిగిలినది మేతకు, సున్నానికి పెడితే చేప బరువు అక్కడే పెరుగుతుంది.

కొత్త శాస్త్రం వద్దని మేము చెప్పడం లేదు. రేపు మన నేలకు సరిపడే మూడు సెట్ల బంగారుతీగ, పరీక్ష కాగితంతో సహా, న్యాయమైన ధరకు వస్తే మొదట వేసేది మా చెరువులోనే. ముందు ఒక చిన్న కుంటలో, పక్కన మామూలు పిల్ల వేసిన ఇంకో కుంట పెట్టుకుని, నెలనెలా తూకం రాసి, వచ్చే ఏడాది ఈ సభలోనే లెక్క చెబుతాం.

 మా ప్రతిపాదన మీద అక్కలందరూ మాట్లాడి, ఒప్పుకుంటే తీర్మానం రాయించాలని అధ్యక్షురాలు గారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.